ఊటచారు కోసం బేస్తవారిపేట దాకా

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగిపోయి ఒక వేసవి, ఒక వానాకాలం గడిచిపోయాయి. అందుకని నా ప్రయాణం విజయవాడ స్టేషన్లో మొదలవలేదు, మూడో అంతస్తు మెట్ల మీద మొదలైంది. ఒక చేతిలో రష్యా నుంచి తెచ్చుకున్న కరెంటు మల్టీకుక్కర్, ఇంకో చేతిలో దోసకాయల జాడీ, భుజాన బట్టల సంచి. మెట్టు మెట్టుకీ అసోసియేషన్ సెక్రటరీని తిట్టుకుంటూ దిగాను. మొదటి అంతస్తులో ఆయనే ఎదురై, "ఊరికా మేడం?" అని నవ్వితే, నేనూ నవ్వి తప్పుకున్నాను. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, ఆ జాతి నాది.

ఇంతకీ ఎందుకు దిగానో చెప్పాలి. నేను ఒకప్పుడు రష్యాలో చదువుకున్నాను. ఇప్పుడు అక్కడికి డాక్టరు చదువుకు పోయే మన పిల్లలకు ఆ భాష నేర్పుతూ బతుకుతున్నాను. అలా నేర్చుకుని పోయినవాళ్ళలో రమణ ఒకడు. వాళ్ళది బేస్తవారిపేట దగ్గర పల్లె. డిగ్రీతోపాటు నాస్త్య అనే అక్కడి పిల్లను పెళ్ళాడి వెంట తెచ్చుకున్నాడు. ఆ డిగ్రీ ఇక్కడ చెల్లాలంటే ఇంకో పరీక్ష గట్టెక్కాలి. అందుకని, కడుపుతో ఉన్న పెళ్ళాన్ని, ఆమె భాష ఒక్క ముక్క రాని తల్లి దగ్గర వదిలేసి, హైదరాబాదులో కోచింగుకు చేరాడు. చేరి నాకు ఫోను చేశాడు.

"మేడం, నాలుగో నెల. ఏం పెట్టినా ఇమడటం లేదు. రసోల్నిక్ ఒక్కటే కావాలంటాంది. సోమవారానికి తేరుకోకపోతే ఆస్పత్రిలో చేర్చాలని గిద్దలూరు డాక్టరమ్మ చెప్పింది. మీకు చేయడం వచ్చు గదా."

"నువ్వెందుకు పోవు?"

"మాక్ టెస్టులుండాయి మేడం."

అన్నిటికన్నా ముందు ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఆ మంట మీదే మల్టీకుక్కర్ దులిపాను.

రసోల్నిక్ అంటే ఉప్పునీళ్ళలో ఊరి పులిసిన కీర దోసకాయలు, బార్లీ గింజలు, ఆలుగడ్డలు వేసి చేసే చిక్కటి సూపు. అక్కడి చలికీ, నీరసానికీ అదే పథ్యం, అదే విందు. ఆ దోసకాయలు నా ఇంట్లో ఎప్పుడూ ఒక జాడీ ఊరుతూనే ఉంటాయి. ఎవరైనా అదేమిటని అడిగితే "ఊరగాయ సూపు" అని తెలుగు చేసి చెప్పేదాన్ని. చెన్నమ్మకు, అంటే రమణ తల్లికి, ఫోనులో అదే చెప్పాను. ఆ మాట ఎంత పని చేసిందో మీరే చూస్తారు.

దొనకొండ దాకా

రైల్లో జాడీని కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. నరసరావుపేట దాటేసరికి మూతకు కట్టిన గుడ్డ తడిసి, నీళ్ళు కారి, ఎదుటి సీటు పెద్దాయన చెప్పుల కిందికి చేరాయి. ఆయన దొనకొండ రైతు. చెప్పులు పైకి తీసుకుని వాసన చూశాడు.

"ఏంది తల్లీ ఇది, పులిసిన కంపు?"

"ఊరగాయండీ."

"ఊరగాయలో నీళ్ళేంది?"

"ఇది నీళ్ళలో వేసే ఊరగాయ."

ఆయన నన్ను వదిలేసి పక్కవాళ్ళ ముఖాలు చూశాడు. ఇక పెట్టె పెట్టంతా పంచాయతీకి కూర్చుంది. ఊరగాయకు నీళ్ళు శత్రువని నాకు చెప్పనివాళ్ళు లేరు. ఒకావిడ, తడి గరిటె జాడీలో పెట్టినందుకు వాళ్ళత్త ఆమెతో వారం దినాలు మాట్లాడలేదని చెప్పింది. ఇంకొకావిడ నాకు ఊరగాయ పెట్టడం ఎవరు నేర్పారని అడిగింది. రష్యా వాళ్ళు అన్నాను. "అందుకే" అంది. ఒక దేశం దేశాన్ని ఆ ఒక్క మాటతో కొట్టిపారేసింది. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది గానీ, రైల్లో జాడీ కారుతున్నది నాదే కదా.

దొనకొండలో దిగాక పెద్దాయన కిటికీ దగ్గరికి వచ్చి మరీ చెప్పాడు. "ఇంటికి పోయినాక ముక్కలు కోసి, పిండి, ఎండబెట్టు తల్లీ. ఎండలు బాగుండాయి."

నా కాయలు, నా ఇష్టం అన్నాను. రైలు కదిలాక అన్నాను.

మార్కాపురం

మార్కాపురంలో గోడలు, దడులు, కాలువల మీది మూతలు అన్నీ పలకరాయే. బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాణి తిన్నాను. మా బెజవాడలో మరమరాలంటే సాయంత్రం పూట పిడత కింద పప్పులో కలిపే కాలక్షేపం. ఇక్కడ వాటిని బొరుగులంటారు. తడిపి, తాలింపు పెట్టి, ప్లేటు నిండా పోసి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. ముప్ఫై రూపాయలు. ఎంత వెతికినా తిట్టడానికి అందులో ఏమీ దొరకలేదు.

ఆ లోటు బార్లీ కోసం పోయిన దుకాణంలో తీరింది.

"బార్లీ ఉందా?"

"ఎవురికి జ్వరం?" అన్నాడు దుకాణం ఆయన.

"జ్వరం కాదు. వండుకోడానికి."

"కాళ్ళవాపా?"

"ఎవరికీ ఏమీ కాలేదు. తినడానికి."

"బార్లీ తాగుతారమ్మా. తినరు."

అర కేజీ ఇవ్వమన్నాను. "ఇంట్లో ఎంతమంది పడకేసినారు?" అన్నాడు. నిజంగా జాలిపడి అడిగాడు. ఆ జాలే నన్ను మండించింది. డబ్బిచ్చి బయటికి వస్తుంటే వెనకనుంచి, "ముందు డాక్టరుకు చూపించండి" అన్న మాట కూడా వినబడింది.

పల్లె

బేస్తవారిపేటలో బస్సు దిగి ఆటో ఎక్కాను. దారికి రెండు పక్కలా కంది పూత మీద ఉంది. మేకల మంద అడ్డం వస్తే ఆటో ఆగింది. మంద పోయాక కూడా ఆటో కదలలేదు. మేకలు కాసే మనిషి, ఆటోమనిషి ఇద్దరూ మామా అల్లుళ్ళ వరస కలుపుకుని వాన సంగతి మాట్లాడుకుంటున్నారు. సూర్యుడు వాలేసరికి ఇల్లు చేరాను.

చెన్నమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఎదురింటావిడ నా సామాను వంక చూసి, "పుట్టింటోళ్ళా?" అని ఆమెను అడిగింది.

"కాదులే. మా రమణకు పాఠాలు చెప్పిన పంతులమ్మ" అంది చెన్నమ్మ.

నాస్త్య లోపల మంచం మీద ఉంది. తెల్లపిల్లే, కానీ ఆ తెలుపులో రక్తం లేదు. పక్కనున్న స్టూలు మీద ఉసిరికాయలు, ఎండబెట్టిన నిమ్మచెక్కలు, ఉప్పుకారం అద్దిన చింతకాయలు, ఒక విబూది పొట్లం. ఊళ్ళో తలా ఒకరు తెచ్చి పెట్టినవి. ఆ పిల్లకు తెలుగులో రెండే మాటలు వచ్చు. వద్దు, చాలు. మన ఇంటికి వచ్చిన కోడలికి ముందుగా అవసరమయ్యే మాటలు అవే అన్నమాట.

నేను రష్యన్లో పలకరించగానే లేచి కూర్చుంది. క్షేమసమాచారాలు ఏమీ లేవు. "తెచ్చారా?" అని అడిగింది. జాడీ చూపించాను. మూత దగ్గర ముక్కు పెట్టి అట్లాగే కాసేపు ఉంది.

"పేరేమో నాష్టా" అంది చెన్నమ్మ గుమ్మంలో నిలబడి. ఆ ఇంట్లో నాస్త్య నాష్టా అయిపోయింది. "తినేదేమో ఏమీ లేదు. ఇది తినకుండా నాకు మాత్రం ముద్ద దిగుతాదా అక్కా? ఏం జేసి పెట్టినా వద్దు, చాలు. ఇంకేం జేసేది నేను?"

చెన్నమ్మను తిట్టడానికి నోరు రాలేదు. కానీ నాకు కోపం ఎందుకు రాదు? ఊరు ఊరంతా ఆ పిల్ల నోటికి ఏదో ఒకటి అందించింది. నీకేం కావాలని అడిగినవాళ్ళు లేరు. అడిగే భాష వచ్చినవాడు మాక్ టెస్టులు రాస్తున్నాడు.

బార్లీ ఒక రాత్రి నానాలి. ఊళ్ళో బోరు నీళ్ళలో పప్పే ఉడకదని చెన్నమ్మ తాగడానికి కొన్న టిన్ను నీళ్ళు పోసింది. రేపు మధ్యాహ్నానికి సూపు తాగుతావని నాస్త్యకు మాటిచ్చి పడుకున్నాను.

ఎండలో దోసకాయలు

ప్రయాణం బడలికకు పొద్దెక్కేదాకా నిద్ర పట్టింది. లేచి వంటింట్లోకి పోతే నా జాడీ కడిగి బోర్లించి ఉంది.

పెరట్లోకి పరుగెత్తాను. అక్కడ పలకరాళ్ళ మీద తెల్లపంచె పరిచి ఉంది. దాని మీద నా దోసకాయలు చక్రాలుగా కోసి, పిండి, ముక్కకు ముక్క తగలకుండా ఆరబెట్టి ఉన్నాయి. చెన్నమ్మ కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది.

"ఏమిటిది చెన్నమ్మా?"

"మీరు మరిచిపోయినట్టుండారక్కా. కాయలు ఊరి ఊరి మెత్తబడినాయి. నీళ్ళ మీద తెల్లగ తెట్టె కట్టింది. ఇంకో దినం ఉంటే బూజు పట్టు. అందుకే తెల్లారుజామున కోసి ఎండేసినా. మాగాయకు జేసినట్టే గదా. సాయంత్రం కారం కలిపి, నూనె పోసి జాడీకి ఎత్తుతా."

ముఖంలో ఎంత సంతోషమో. ఊరగాయను కాపాడిన మనిషి సంతోషం అది. దొనకొండ పెద్దాయన రైలు దిగి నాకంటే ముందు ఈ ఇంటికి వచ్చాడా అనిపించింది.

నేను నోటికొచ్చినట్టు అరిచాను. మూడో అంతస్తు మెట్ల నుంచి మొదలుపెట్టి, కారిన జాడీ, రైల్లో పడిన మాటలు, బార్లీ దుకాణం, అన్నీ చెన్నమ్మ మీద కుమ్మరించాను. తెలుగు చాలక రష్యన్లోకి దిగాను. అవి అచ్చులో పెట్టే మాటలు కావు. అవి విని నాస్త్య బయటికి వచ్చి, కడుపు పట్టుకుని పకపకా నవ్వింది. ఎన్నాళ్ళకో తన భాషలో తిట్లు విన్నది పాపం. తర్వాత పంచె మీద పరిచిన ముక్కలు చూసింది. నవ్వు ఆగిపోయింది. మెట్టు మీద కూర్చుని, చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

చెన్నమ్మ కర్ర కింద పడేసింది. "ఏందక్కా, ఏం జేసినా నేను?"

"నీళ్ళు ఎక్కడ పారబోశావు?" అన్నాను.

"ఏం నీళ్ళు?"

"జాడీలో నీళ్ళు, తల్లీ. నా దోసకాయలు మునిగి ఉన్న నీళ్ళు."

"ఊటనా?" అప్పటిదాకా నా మాటలన్నీ పడిన మనిషికి అప్పుడు వచ్చింది కోపం. "ఊట ఎవురన్నా పారబోస్తారా అక్కా? మా ఇండ్లల్లో మేము ఊరగాయలు పెట్టుకోమా? మా అమ్మ నాకు ఆ మాత్రం నేర్పలేదనుకున్నారా?"

పిట్టగోడ మీద పింగాణీ గిన్నె చూపించింది. పైన పల్చటి గుడ్డ కట్టి, ఎండలో పెట్టి ఉంది. మాగాయ పెట్టేవాళ్ళంతా చేసేదే. ముక్కలు ఒక పక్క, ఊట ఒక పక్క ఎండలో పెడతారు. ముక్కలు ఎండాక మళ్ళీ ఊటలో వేస్తారు. గుడ్డ విప్పి చూశాను. ఒక్క చుక్క పోలేదు. వేలు ముంచి నాకాను. ఆ ఉప్పు, ఆ పులుపు అట్లాగే ఉన్నాయి.

రష్యన్లో ఆ పులిసిన ఉప్పునీటిని రసోల్ అంటారు. రసోల్‌తో చేసేది కాబట్టి రసోల్నిక్. ఆ సూపుకు పేరు వచ్చింది కాయ వల్ల కాదు, నీళ్ళ వల్ల. నీళ్ళుంటే సూపు ఉన్నట్టే. ఈ సంగతి నాస్త్యకు చెప్పనక్కర్లేదు. గిన్నె చూసి లేచి వచ్చి, రెండు చేతులతో పట్టుకుని లోపలికి నడిచింది.

చెన్నమ్మకు చెప్పాను, ఆ పేరుకు అర్థమే ఊట అని.

"అయితే ఊటచారు అని చెప్పొచ్చు గదా అక్కా. ఊరగాయ సూపంటిరి. ఊరగాయ పాడుగాకుండా చూసుకున్నా నేను" అంది.

తప్పు నా తెలుగుదే. అయినా ముక్కల విషయంలో ఆమెను నేను ఇప్పటికీ క్షమించలేదు.

రష్యన్ బటన్లు

ఆ రోజు శనివారం. ఆ ఇంట్లో శనివారం నీచు ముట్టరు. మాంసం వేయకుండా ఈ సూపు చేయడమంటే నాకు చిన్నతనం. అయినా వాదించే ఓపిక అయిపోయింది. ఫ్రిజ్ ప్లగ్గు పీకి, మల్టీకుక్కర్ పెట్టాను. దాని మీద బటన్లన్నీ రష్యన్లో ఉంటాయి. నాస్త్య పీట లాక్కుని దాని ముందు కూర్చుని, వేయించడం, ఉడికించడం, సూపు, గంజి అని ఒక్కో బటన్ మీద వేలు పెట్టి పైకి చదివింది. ఆ ఇంట్లో క్యాలెండరు దగ్గర్నుంచి ఉప్పు ప్యాకెట్టు దాకా ఆమె చదవగలిగిన అక్షరం అంతకు ముందు ఒక్కటీ లేదు. చదివిందే మళ్ళీ చదివింది.

ఉల్లిపాయలు, క్యారెట్టు నూనెలో వేయించాము. నానిన బార్లీ, టిన్ను నీళ్ళు, బిర్యానీ ఆకు వేసి సూపు బటన్ నొక్కాము. బార్లీ మెత్తబడ్డాక ఆలుగడ్డలు. అవి ఉడికిన తర్వాతే ఎండలో వాడిన దోసకాయ ముక్కలు, చివరికి ఊట. ఊట ముందే పోస్తే ఆ పులుపుకు ఆలుగడ్డ ఎంతసేపైనా ఉడకదు. ఇంతలో కరెంటు పోయింది. గిన్నె తీసి కట్టెల పొయ్యి మీద పెడదామని చెన్నమ్మ చేయి పెట్టబోయింది. మూత తీయనివ్వలేదు. కరెంటు వచ్చేదాకా కుక్కర్‌కు కాపలా కూర్చున్నాను. ఆ కాపలా కారం డబ్బా నుంచి కూడా. ఆమె దాన్ని కొంగు చాటున పట్టుకుని అక్కడక్కడే తిరిగింది.

గిన్నెలో పోసి, పైన బర్రెపెరుగు మీగడ వేసి ఇచ్చాను. చెన్నమ్మ వాంతికి తొట్టి పట్టుకుని పక్కనే నిలబడింది. నాస్త్య ఒక చెంచా తాగి ఆగింది.

"మా అమ్మ చేసినట్టు లేదు" అంది.

నా ప్రాణం ఉసూరుమంది.

"అమ్మ ఇంత పులుపు వేయదు" అని, గిన్నె ఖాళీ చేసి మళ్ళీ నా ముందుకు చాపింది.

తొట్టి అవసరం రాలేదు. రెండో గిన్నె కూడా కడుపులో నిలిచిందని నమ్మకం కుదిరాక, చెన్నమ్మ తొట్టి గోడవార పెట్టి, కంచం తెచ్చుకుంది. అన్నంలో సూపు పోసుకుని, ఇక నన్నెవరూ ఆపలేరన్నట్టు కారం చల్లుకుని తిన్నది. "చారే గదా ఇది" అంది. వారం రోజుల ఆకలి ఆమెది కూడా. నా రసోల్నిక్ మీద కారం పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. అంతకంటే త్యాగం నా వల్ల కాదు. ఆదివారం మేకమాంసం వేసి మళ్ళీ చేశాము. ఈసారి నాస్త్య ఒక ఉసిరికాయ కూడా తనంతట తానే అందుకుంది.

గిద్దలూరు స్టేషను

సోమవారం ముగ్గురం గిద్దలూరు పోయాము. డాక్టరమ్మ చూసి, చేరనక్కర్లేదని, ఇట్లాగే తిననిమ్మని, ఉప్పు మాత్రం చూసుకోమని చెప్పింది. ఏం పెట్టారని అడిగింది. నేను నోరు తెరిచేలోపల చెన్నమ్మ అందుకుంది.

"ఊటచారు మేడం. దోసకాయ ఊరబెట్టి, ఊట తీసి, బార్లీ వేసి జేస్తాం. మాంసం వేసినా, వేయకపోయినా బాగుంటాది."

జేస్తామట. ముక్కలు ఎండేసిన మనిషి, కారం డబ్బాతో చుట్టూ తిరిగిన మనిషి. రైలుకు టైము లేదు కాబట్టి బతికిపోయింది.

స్టేషన్లో నా చేతిలో జాడీ పెట్టింది. వట్టి జాడీ పంపకూడదని మిగిలిన దోసకాయ ముక్కలకు కారం, ఆవపిండి కలిపి, నూనె పోసి నింపింది. నేను కాపాడాననుకున్న కాయలు చివరికి ఆమె అనుకున్నట్టే అయ్యాయి. మరి మల్టీకుక్కర్ ఏదని అడిగాను.

"అది ఇంట్లోనే ఉంటాది. పుట్టింటి నుంచి వచ్చిన సామాను ఎవురన్నా వెనక్కి తీసకపోతారా?" అంది. అంతటితో ఆగలేదు. "ఏడో నెలకు నువ్వే వచ్చి పిల్లను తీసకపో వదినా. తొలికానుపు పుట్టింట్లోనే గదా. వాళ్ళమ్మ ఇంత దూరం యాడ రాగలదు?"

నిన్నటిదాకా అక్కను. మీరు అనే మర్యాద ఉండేది. ఒక్క పూటలో వదిననైపోయాను, నువ్వునైపోయాను. నన్ను అడిగారా? నేనెవరు? పాఠాలు చెప్పుకునే మనిషిని, సూపు చేయడానికి వచ్చాను. ఇదేం బలవంతపు వియ్యం? ఈ విడ్డూరం విని కనీసం నాస్త్య అయినా నవ్వుతుందని, చెన్నమ్మ మాటలన్నీ రష్యన్లోకి మార్చి చెప్పాను. పుట్టిల్లు అనే మాటకు ఆ భాషలో సరైన మాట దొరకలేదు. "అమ్మ ఇల్లు" అని చెప్పాను.

నాస్త్య నవ్వలేదు. ఆలోచించింది.

"మీ ఇంటికి మెట్లు ఎక్కువా?" అని అడిగింది.

రైలు వస్తోంది. చెన్నమ్మ నా సంచి ఎత్తి పట్టుకుంది.

"లిఫ్టు ఉంది" అన్నాను.

మళ్ళీ మెట్ల దగ్గర

విజయవాడలో దిగి, జాడీతో మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. మొదటి అంతస్తులో ఆగాను. సెక్రటరీ గారి గుమ్మం ముందు జాడీ దింపి, ఆయన వచ్చేదాకా బెల్లు మీద నుంచి వేలు తీయలేదు. లిఫ్టు ఎప్పుడు బాగవుతుందో తేల్చమన్నాను. పక్క ఫ్లాట్ల తలుపులు తెరుచుకునేంత గట్టిగా అడిగాను.

"ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు, ఇప్పుడేమంత తొందర మేడం?" అన్నాడు ఆయన బిత్తరపోయి.

"ఏడో నెలకు మా అమ్మాయి వస్తోంది" అన్నాను. "తొలికానుపు. పుట్టింటికి రాక ఇంకెక్కడికి పోతుంది?"